ఆపిల్ పిప్పి: నాలుగో ఉపయోగం

సానపట్టే పనిలో ముప్ఫై ఏళ్ళు గడిపిన రోస్విత ష్టోల్‌కి ఒక్క సంగతి మాత్రం ఎప్పుడూ మింగుడుపడలేదు. కట్టరు ఎంత పదునుగా ఉంటే అంత త్వరగా పాడవుతుంది. ఉక్కును చెక్కే మెషీన్లో బిగించగానే, వెంట్రుకంత సన్నని ఆ అంచు మొదటి దెబ్బకే పెచ్చులూడిపోతుంది. రెండు రోజుల్లో మళ్ళీ ఆమె దగ్గరికే వస్తుంది. ఎర్లెన్‌టాల్ లోయలో ఇది అందరికీ మామూలే. మంగళవారం ఫ్యాక్టరీల బండి కట్టర్లు తెచ్చి ఆమె షెడ్డులో దింపేది, శుక్రవారం పట్టుకుపోయేది. ఆమెకు కూడు పెట్టిందీ అదే కాబట్టి ఎక్కువ ఆలోచించేది కాదు.

ఆలోచింపజేసింది ఒక పొరపాటు. శరత్కాలంలో ఆపిళ్ళు పిండి పులియబెట్టుకునే రోజుల్లో ఇంటింటా పిప్పి గుట్టలుగా మిగులుతుంది. ఆ పిప్పిని ఎండబెట్టి, కాస్త పాలిష్ పొడి కలిపి, పాత పీపాలో పోసి తిప్పితే తోట కత్తెరల తుప్పు వదిలిపోతుంది. రోస్విత అమ్మమ్మ చేత్తో తిప్పేది, రోస్విత మోటారు పెట్టింది. ఆ ఏడాది కత్తెరలతోపాటు ఒక కట్టరు కూడా పీపాలో పడిపోయింది. గంట తర్వాత తీసి వేలితో రాసి చూస్తే అంచు మొద్దుబారి ఉంది. తనను తాను తిట్టుకుంది. బండి గుమ్మంలో ఉంది, మళ్ళీ సానపట్టే వ్యవధి లేదు, అలాగే పంపేసింది.

మరుసటి మంగళవారం అన్ని కట్టర్లూ వచ్చాయి, అదొక్కటి రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు. పారేశారేమో, మాట పడాలేమో అనుకుంటూ ఆమే ఫ్యాక్టరీకి వెళ్ళి చూసింది. కట్టరు మెషీన్లోనే ఉంది. ఇంకా కోస్తూనే ఉంది.

చలికాలమంతా ఆమెకు అదే పని. పిప్పి ఎంత ఎండాలి, పొడి ఎంత పాళ్ళు, ఎన్ని నిమిషాలు. గింజలు తీసేసిన పిప్పి పనికిరాదని తేలింది. గింజలతో సహా ఎండిన పిప్పి అయితే అంచును కంటికి కనిపించనంత గుండ్రం చేస్తుంది, ఇక అది పెచ్చులూడదు. ఫిబ్రవరిలో పన్నెండు కట్టర్లు సంచిలో వేసుకుని ఎగోన్ హైమ్లె దగ్గరికి వెళ్ళింది.

హైమ్లె ఫ్యాక్టరీ పళ్ళచక్రాలు చేస్తుంది. రెండు వందల మంది పనివాళ్ళు. ఎగోన్ తాత కట్టాడు, తండ్రి పెంచాడు, ఎగోన్ గేటు మీద పేరు పెద్దది చేయించాడు. బళ్ళో రోస్విత పక్కన కూర్చుని ఆమెను చూసి లెక్కలు ఎక్కించుకున్నవాడే. ఫోర్మన్లనీ ఇంజనీర్లనీ పిలిచి, గడియారం చేత్తో పట్టుకుని మెషీన్ పక్కన నిలబడ్డాడు. వేగం పెంచారు. కట్టరు కూత పెట్టలేదు. ఇంకా పెంచారు. అదే మనిషి, అదే మెషీను, అదే ఎనిమిది గంటలు. సాయంత్రానికి బండి మీద చక్రాలు మాత్రం సగానికి సగం ఎక్కువ.

"బానే ఉంది," అన్నాడు ఎగోన్. "ఏదో గుడ్డిదెబ్బకి దొరికింది నీకు. ఎలా చేశావు?"

ఆమె దాచకుండా చెప్పింది. పిప్పి, గింజలు, పొడి, నిమిషాలు, అన్నీ. ఫోర్మన్లూ ఇంజనీర్లూ నవ్వారు. ఎగోన్ కూడా నవ్వాడు గానీ జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. పరీక్షకని మూడు కట్టర్లు ఉంచుకున్నాడు.

మే నెల దాకా ఉలుకూ పలుకూ లేదు. గాయకుల సంఘం వసంత సంబరంలో ఎగోన్ గ్లాసు పట్టుకుని లేచాడు. తన కొడుకు రూడిగర్ అంచును గుండ్రం చేసే కొత్త పద్ధతి కనిపెట్టాడనీ, ఫ్యాక్టరీకి నూరేళ్ళు నిండే జూన్ పన్నెండునే మ్యూనిక్‌లో పేటెంట్‌కి దరఖాస్తు పెడుతున్నామనీ ప్రకటించాడు. కట్టరుకీ చెంచాకీ తేడా తెలియని రూడిగర్ లేచి తల వంచి అభివాదం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. రోస్విత చేతులు బల్ల మీద నుంచి లేవలేదు.

మర్నాడు పొద్దున్నే ఆమె ఎగోన్ ఆఫీసులో ఉంది.

"ఎగోన్, నా పేరు రాయి. రూడిగర్ పేరు పక్కన రాసుకుంటావో, కింద రాసుకుంటావో నీ ఇష్టం. డబ్బు అడగట్లేదు. పేరు రాయి, చాలు."

"పేరుతో నీకేం పని?"

"కనిపెట్టింది నేను కాబట్టి."

"కనిపెట్టడం వేరు రోస్వితా, దొరకడం వేరు. కోడి గింజ ఏరుకుంటే దానికి వ్యవసాయం వచ్చినట్టేనా? నూరడం నీ పని, చక్కగా నూరు. ఆలోచించడానికి మా దగ్గర ఇంజనీర్లున్నారు."

"ఫిబ్రవరిలో ఏం ఆలోచించార్రా మీ ఇంజనీర్లు? నవ్వారు."

ఎగోన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడు, పేటెంట్ అంటే నువ్వు రాసే మీ పండ్లతోటల సంఘం వార్త అనుకున్నావా, పోనీలే పాపం అని అందరి పేర్లూ వేయడానికి? ఇంటికెళ్ళు."

మధ్యాహ్నానికి ఒక బుట్ట పంపాడు. రెండు సాసేజీలు, ఒక ద్రాక్షసారా సీసా, నూరేళ్ళ పండగ కేలండరు. రోస్విత ఏడవలేదు, ఏడ్చే రకం కాదు. ఒళ్ళు మండిపోయింది. సాసేజీలు పక్కింటి కుక్కకు వేసింది. సీసా పట్టుకుని లోథార్ క్నౌప్ ఇంటికి వెళ్ళింది.

లోథార్ మ్యూనిక్ పేటెంట్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేసి, రిటైరై సొంతూరు చేరినవాడు. పండ్లతోటల సంఘానికి అతను కోశాధికారి, ఆమె కార్యదర్శి. బుధవారం సాయంత్రాలు ఇద్దరూ రొట్టె, పొగబెట్టిన మాంసం, పుల్లటి ఆపిల్ రసం పెట్టుకుని సంఘం పని చూసుకునేవారు, అంటే ఊళ్ళోవాళ్ళను ఆడిపోసుకునేవారు. ఆమె చెప్పిందంతా అతను నములుతూ విన్నాడు.

"దరఖాస్తు పెట్టేశాడా?"

"లేదు. జూన్ పన్నెండున. కాగితం మీద ఆ తేదీ పడాలట."

లోథార్‌కి పొలమారింది. మంచినీళ్ళు తాగి కళ్ళు తుడుచుకున్నాడు. "ముప్ఫై ఏళ్ళలో పండగరోజు చూసుకుని వచ్చినవాణ్ణి ఒక్కణ్ణీ చూళ్ళేదు. అందరూ నిన్ననే ఇవ్వాల్సింది అన్నట్టు పరిగెత్తుకొస్తారు. ఎందుకో తెలుసా? సంగతి కొత్తదై ఉండాలి. దరఖాస్తుకి ఒక్కరోజు ముందు ఎక్కడైనా అచ్చయిందంటే అంతే, చచ్చింది. పిల్లల బొమ్మల పుస్తకంలో అచ్చయినా సరే."

"ఊరి పత్రికలో అచ్చయితే?"

అతను చేతిలో చాకు బల్ల మీద పెట్టాడు. మునిసిపాలిటీ ప్రతి గురువారం వేసే ఆ పత్రికలో మరణాలు, చెత్తబండి వేళలు, ప్రతి సంఘానికీ ఇరవై వరుసల చోటు ఉంటాయి. పండ్లతోటల సంఘం వరుసలు రాసేది రోస్వితే.

"నీ పేరునే దరఖాస్తు పెట్టుకోవచ్చుగదా?" అన్నాడు లోథార్. "ఇంకా టైముంది. నేను రాసిపెడతాను."

"పెడితే వాడి లాయర్లు పదేళ్ళు సాగదీస్తారు. లేదంటే నాలుగు డబ్బులు మొహాన కొట్టి కొనేసుకుంటాడు, మళ్ళీ అదే గేటు, అదే పేరు. వాడికి దక్కకూడదు లోథార్. అదొక్కటే నాకు కావాల్సింది."

"వాడికి దక్కకుండా చేస్తే అందరికీ దక్కుతుంది. పీపా ఎవడైనా తిప్పుకుంటాడు. కట్టరు మూడింతలు మన్నితే మంగళవారం బండి నీ గుమ్మంలో ఇంకెందుకు ఆగుతుంది? వాడి రెండు కళ్ళూ పోవాలని నీ కన్నొకటి పొడుచుకుంటావా?"

"రెండు కళ్ళకి ఒకటంటే చౌకే," అంది రోస్విత, ఇంకో రొట్టెముక్క కోసుకుంటూ.

మునిసిపాలిటీలో పత్రిక చూసే ఫ్రావ్ ట్సిన్సర్ అనే ఆవిడ కాగితాలు చూసి ముఖం చిట్లించింది. "సంఘానికి ఇరవై వరుసలు ఫ్రావ్ ష్టోల్. ఇవి డెబ్బై ఉన్నాయి. పైగా బొమ్మ."

"గాయకుల సంఘానికీ, ఇంకో రెండు సంఘాల వాళ్ళకీ ఈ వారం రాసేదేం లేదట. వాళ్ళ చోటు నాకిచ్చెయ్. ఎప్పుడూ పాటలేనా, ఆపిళ్ళ గురించి కూడా చదవనీ జనాన్ని."

జూన్ ఒకటిన వచ్చింది. శీర్షిక: ఆపిల్ పిప్పికి నాలుగు ఉపయోగాలు. ఒకటి, మేకలకు మేత. రెండు, చెట్ల పాదుల్లో ఎరువు. మూడు, సారా. నాలుగు, ఉక్కును చెక్కే కట్టర్ల అంచును గుండ్రం చేయడం. నాలుగోదానికే యాభై వరుసలు పట్టాయి. ఏ పిప్పి, ఎంత ఎండ, ఎంత పొడి, పీపా ఎంత వేగం, ఎన్ని నిమిషాలు, ఎందుకు పనిచేస్తుంది, వంటకం చెప్పినట్టు వివరంగా రాసింది. అడుగున ఆమె పేరు. ఆ వారమంతా ఆమెను వీధిలో ఆపి అడిగినవాళ్ళు సారా గురించే అడిగారు.

శుక్రవారం రొట్టెల దుకాణంలో వరుసలో నిలబడి ఉండగా వెనక నుంచి ఎగోన్ గొంతు వినిపించింది.

"చదివాను నీ వ్యాసం."

పన్నెండో తేదీ లోపు వాడు మ్యూనిక్ వెళ్ళినా లాభం లేదని ఆమెకు తెలుసు, అచ్చయిపోయింది. కానీ వాడికి ఇప్పుడే తెలిస్తే పడిపోయేది ఒక కాగితం మాత్రమే. ఆమెకు కావాల్సింది అంతకంటే పెద్దది పడిపోవడం.

"బావుందా?" అంది వెనక్కి తిరగకుండా.

"మేకలు నిజంగా తింటాయా దాన్ని?"

"ఎగబడి తింటాయి."

"సారా దాకా చదివా. ఆ తర్వాత మళ్ళీ నీ సాన సోది మొదలెట్టావు. పండ్లతోటల వాళ్ళకెందుకు చెప్పు అదంతా? మడిచి బూట్ల కింద వేశా." బేరం ముగించినవాడిలా ఆమె భుజం తట్టాడు. "బుట్ట అందిందిగా?"

"అందింది. కుక్కకి బాగా నచ్చింది."

ఎగోన్ నవ్వుతూ వెళ్ళిపోయాడు. నవ్వేవాడే, ఆమె ఏమన్నా నవ్వులాటకే అంటుందనుకునేవాడు.

పన్నెండో తేదీన బాజాలు మోగాయి, దరఖాస్తు వెళ్ళింది. ఇక పేటెంట్ వచ్చినట్టేననీ, లోయలో ప్రతి కట్టరు మీదా తనకు రుసుము రాలుతుందనీ ఎగోన్ లెక్క. బ్యాంకు కూడా అదే లెక్క నమ్మింది. నది పక్కన గాజు గోడల కొత్త షెడ్డు లేవడం మొదలైంది. శనివారం శనివారం, ఊరి ఆనవాయితీ ప్రకారం తన వంతు వీధి ఊడుస్తూ రోస్విత దాన్ని చూసేది. పునాది పడ్డప్పుడు సంతోషించింది. కప్పు వేసినప్పుడు ఇంకా సంతోషించింది. మనిషి ఎంత ఎత్తెక్కితే పడ్డప్పుడు అంత దెబ్బ. చీపురు ఆపి, చల్లగా, తృప్తిగా చూసేది. ఆమెకు సిగ్గేమీ వేయలేదు.

సిగ్గు వేసింది ఒకసారే. మూడు మెషీన్లు పెట్టుకుని పనిచేసుకునే ఓట్మార్ బిర్క్ ఊరి పత్రిక చివరిదాకా చదివిన బహుకొద్ది మందిలో ఒకడు. పిప్పి ఎండబెట్టి పీపా తిప్పుకుని పని బాగా సాగించుకుంటున్నాడు. అతనికి హైమ్లె లాయరు నుంచి ఉత్తరం వచ్చింది: ఆపు, లేదా కోర్టుకి రా.

"రాసింది నువ్వు కదా రోస్వితా," అన్నాడు బిర్క్ షెడ్డు గుమ్మంలో టోపీ నలుపుతూ. "వాడిదెట్లా అయింది?"

"వాడిది కాదు. ఆ పత్రిక దాచుకున్నావా?"

"దాచా. చూపించెయ్యనా?"

"ఇప్పుడే వద్దు. పేటెంట్ వాడి చేతికి రానీ. పూర్తిగా ఎక్కాక నిచ్చెన తీద్దాం."

"ఎంతకాలం పడుతుంది?"

"రెండేళ్ళో, ఇంకాస్తో."

"నేను లాయరుతో పెట్టుకోలేను. పీపా ఆపేస్తా. ఆపితే ఇద్దరు మనుషుల్ని తీసెయ్యాలి."

బిర్క్ ఆ చలికాలం ఇద్దరిని తీసేశాడు. వాళ్ళలో ఒకడు ఆమె మేనమామ మనవడు. ఇది న్యాయం కాదని ఆమెకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. పగ పట్టినవాళ్ళకి అడ్డొచ్చినవాళ్ళు కనబడరంటారు గానీ, ఆమెకు కనబడుతూనే ఉన్నారు.

మూడో ఏడు వసంతంలో పేటెంట్ వచ్చింది. ఎగోన్ దాన్ని ఫ్రేము కట్టించి కొత్త షెడ్డులో వేలాడదీశాడు. అభ్యంతరం చెప్పుకోవడానికి గడువు మూడు నెలలు. రోస్విత మునిసిపాలిటీకి వెళ్ళి, ఏడాది ఏడాదికీ కుట్టి దాచిన ఊరి పత్రికల్లోంచి ఆ పేజీకి నకలు తీయించి, తేదీతో సహా ముద్ర వేయించుకుంది. లోథార్ అభ్యంతరం రాశాడు. చేయి తిరిగినవాడు కదా, ఒకటిన్నర పేజీలో తేల్చాడు. కింద బిర్క్, ఇంకో పదకొండు చిన్న ఫ్యాక్టరీల వాళ్ళు సంతకాలు చేశారు.

మ్యూనిక్‌లో విచారణ నలభై నిమిషాల్లో ముగిసింది. అధికారి ఆ పేజీని మొదటినుంచీ పైకి చదివాడు, మేకలతో సహా. నాలుగో ఉపయోగం దగ్గరికొచ్చేసరికి ఎగోన్ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. అతని లాయరు అతని వైపు తిరిగి, గొంతు తగ్గించే ప్రయత్నమైనా చేయకుండా అడిగాడు. "మీ ఊరి పత్రిక మీరు చదవరా?"

వెనక బెంచీలో కూర్చున్న రోస్విత ఆ మాటని రైలు దిగేదాకా మనసులో చప్పరిస్తూనే ఉంది.

తర్వాత జరిగింది లోథార్ చెప్పినట్టే జరిగింది. లోయ పొడుగునా పీపాలు తిరిగాయి. పిప్పికి గిరాకీ వచ్చింది. ఒకడు పిప్పికి బదులు వాల్‌నట్ పెంకు వేసి చూశాడు, ఇంకొకడు పీపాను ఏటవాలుగా పెట్టాడు, మరొకడు డ్రిల్లు బిట్లకూ అదే చేశాడు. ఒకడి కిటుకు వారం తిరక్కుండా పక్కవాడికి తెలిసేది. బిర్క్ తీసేసిన ఇద్దరినీ వెనక్కి పిలిచాడు, ఇంకో ఆరుగురిని పెట్టుకున్నాడు. రుసుముల ఆశతో కట్టిన గాజు షెడ్డుకి వాయిదాలు కట్టలేక ఎగోన్ సగం బిర్క్‌కే అద్దెకిచ్చాడు. ఇంకో ఏడాదికి బ్యాంకు మిగతా సగం కూడా అమ్మించింది. గేటు మీద పెద్ద అక్షరాలు దించేరోజు రోస్విత పని మానుకుని వెళ్ళి నిలబడి చూసింది. మానుకోవడానికి పెద్దగా పని కూడా లేదు. మంగళవారం బండి ఆమె గుమ్మంలో ఆగడం మానేసింది. తోట కత్తెరలు, వంటింటి చాకులు మిగిలాయి. సానరాళ్ళు నాలుగింటిలో మూడు అమ్మేసింది.

అలా ఉండగా స్టుట్‌గార్ట్ నుంచి వాన్నెర్ అనే ప్రొఫెసర్ వచ్చాడు. దేశమంతా ఒక తీరుగా నడుస్తుంటే ఈ ఒక్క లోయలో గంటకి చేసే సరుకు ఇంతలా ఎందుకు పెరిగిందో తేల్చడానికి ప్రభుత్వం పంపింది. ఫ్యాక్టరీ ఫ్యాక్టరీ తిరిగి, ఏడాది తర్వాత టౌన్‌హాల్లో తన లెక్కలు చెప్పాడు. ఊరంతా వచ్చింది. ఎగోన్ కూడా వచ్చాడు, మూడో వరుస చివర కూర్చున్నాడు, కోటు విప్పలేదు.

ప్రొఫెసర్ మంచి వక్త. "బీద దేశం పెరగాలంటే మెషీన్లు కొంటే చాలు," అన్నాడు. "మనలాంటి దేశంలో మెషీన్లు ఇప్పటికే ఉన్నాయి. ఇంకోటి కొంటే దాన్ని నడిపే మనిషి లేడు. మీ లోయలో మనుషులు పెరగలేదు, మెషీన్లూ పెద్దగా పెరగలేదు. అయినా సరుకు పెరిగింది. మనుషుల్నీ మెషీన్లనీ తీసేశాక మిగిలే ఆ పెరుగుదలకి మా శాస్త్రంలో 'శేషం' అని పేరు. నిజం చెప్పాలంటే అది మా అజ్ఞానానికి పెట్టుకున్న పేరు."

జనం నవ్వారు. ఆయన కాగితం తిప్పాడు.

"కానీ ఇక్కడ ఆ శేషం ఏమిటో నాకు దొరికింది. కొత్త ఆలోచన. రొట్టెను పంచుకుంటే తరుగుతుంది, ఆలోచనను పంచుకుంటే తరగదు. ఎవరో ఒకరు దాన్ని దాచుకోకుండా, ఏమీ ఆశించకుండా, ఊరి పత్రికలో అచ్చువేసి అందరికీ ఇచ్చారు. మీ లోయను పెంచింది ఆ ఔదార్యం. నా నివేదికలో అదే రాశాను."

లోథార్ పక్కనుంచి మోచేత్తో పొడిచాడు, ఊరుకోమని. రోస్విత ఊరుకోలేదు. లేచి నిలబడింది.

"హెర్ ప్రొఫెసర్, తప్పు రాశారు."

"ఎక్కడండీ?"

"ఔదార్యం దగ్గర. అది రాసింది నేను. నాకు ఔదార్యం లేదు, కావాలంటే వీళ్ళనడగండి. ఒక మనిషి నా ఆలోచన తీసుకుని కొడుకు పేరు పెట్టుకున్నాడు. నా పేరు ఒక్కటి రాయమని అడిగాను. రాసుంటే నోరు మూసుకుని ఉండేదాన్ని, ఇవ్వాళ్టికీ అది వాడొక్కడి దగ్గరే ఉండేది, మీరొచ్చి లెక్కపెట్టడానికి ఇక్కడేమీ ఉండేది కాదు. రాయలేదు. అందుకని వాడికి దక్కకుండా అందరికీ పడేశాను. నా బతుకుతెరువు పోతుందని తెలిసే పడేశాను. పగ అని రాయండి."

ప్రొఫెసర్ కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన తడబడ్డాడు గానీ తెలివైనవాడు, కాగితంలో ఒక మాట కొట్టేశాడు.

"దిద్దుతాను," అన్నాడు. "ఆ పద్ధతి కనిపెట్టినవారి పేరు కూడా రాయాలి. మీ పేరు చెబుతారా?"

ఏళ్ళ తరబడి ఆమె ఎదురుచూసిన ప్రశ్న అదే. నాలుక చివర దాకా వచ్చిన పేరును ఆమె ఆపుకుంది. మూడో వరుస చివరికి చూసింది.

"ఆయన్నడగండి. హెర్ హైమ్లె. ఆయనకు తెలుసు."

తలలన్నీ అటు తిరిగాయి. ఎగోన్ కోటు బొత్తాం పట్టుకుని కూర్చున్నాడు. లేచి వెళ్ళిపోవచ్చు, కానీ తలుపు దాకా ఊరంతటినీ దాటుకుని నడవాలి. ప్రొఫెసర్ కలం పట్టుకుని మర్యాదగా ఎదురుచూశాడు. ఎగోన్ కూర్చునే, బూట్ల వైపు చూస్తూ అన్నాడు.

"రోస్విత ష్టోల్."

"క్షమించాలి, వినిపించలేదు. కాస్త గట్టిగా చెబుతారా? ఇంటిపేరు విడిగా."

ఎగోన్ లేచి నిలబడ్డాడు. ఈసారి వెనక గోడ దాకా వినిపించింది. ప్రొఫెసర్ ఒక్కొక్క అక్షరమే రాసుకున్నాడు. రోస్విత కూర్చుంది. కడుపు నిండినట్టుంది. క్షమించిందా అంటే, లేదు. ఎగోన్ ఇంకా నిలబడే ఉన్నాడు, కూర్చోమని ఆమె అనలేదు.